ప్రభుత్వ భోజన పథకాల నిర్వహణ: స్వచ్ఛంద సంస్థల అర్హత

ప్రభుత్వం ఇచ్చే బియ్యంతో, డబ్బుతో బడిపిల్లలకో పేదలకో అన్నం వండిపెట్టే బాధ్యతను లాభాపేక్ష లేని సంస్థకు అప్పగించే పద్ధతి మన దేశంలో పాతికేళ్లుగా వేళ్లూనుకుంది. ఆ బాధ్యత ఎవరికి అప్పగించవచ్చో, ఎవరికి కూడదో తేల్చే నిబంధనలు, అవి తెలుగు రాష్ట్రాల్లో నడిచిన తీరు ఈ వ్యాస విషయం. హైదరాబాద్‌లో ఈ వ్యవహారం చాలావరకు ఒక చిన్న పరిధిలోనే నడుస్తుంది. దాతృత్వ సంస్థల నమోదు చూసే ఆదాయపు పన్ను శాఖ బషీర్‌బాగ్‌లో ఎల్.బి. స్టేడియం ఎదుట ఆయకర్ భవన్‌లో ఉంది. ధర్మాదాయ సంస్థల వ్యవహారాలు చూసే దేవాదాయ కమిషనర్ కార్యాలయం అబిడ్స్ పక్కనే బొగ్గులకుంటలో ఉంది. నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ) కార్యాలయం లిబర్టీ దాటితే ట్యాంక్‌బండ్ దారిలో వస్తుంది. ఆ సంస్థ అయిదు రూపాయల భోజనం 2014 మార్చిలో నాంపల్లి సరాయి దగ్గర మొదలైంది. ఇవన్నీ నడిచి వెళ్లగలిగేంత దూరంలోనే ఉన్నాయి. కానీ ఒక కొత్త సంస్థ ఈ గడపలన్నీ దాటి పిల్లల పళ్లెం దాకా చేరడానికి ఏళ్లు పడుతుంది.

పూర్వ చరిత్ర

బడిలో అన్నం పెట్టాలన్న ఆలోచనకు దక్షిణాదిన తొలి ప్రభుత్వ రూపం ఇచ్చినవాడు తెలుగువాడే. మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడు, జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టి 1920లో థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ బడిలో పిల్లలకు ఫలహారం పెట్టే తీర్మానం చేయించాడు. పిల్లవాడికి రోజుకు ఒక అణా మించకూడదన్నది షరతు. తలకు ఇంత అని ముందే లెక్క కట్టి, ఆ లెక్కలో వండమనే పద్ధతి అప్పటి నుంచే ఉంది. నేటి పథకాల బలమూ బలహీనతా రెండూ అందులోనే ఉన్నాయి.

కేంద్రం 1995 ఆగస్టు 15న ప్రాథమిక విద్యకు పోషకాహార పథకాన్ని మొదలుపెట్టినా, చాలా రాష్ట్రాలు వండిన అన్నానికి బదులు నెలకు 3 కిలోల చొప్పున బియ్యమో గోధుమలో ఇచ్చి సరిపెట్టాయి. పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2001 నవంబర్ 28న ఇచ్చిన ఉత్తర్వుతో వండిన భోజనం పిల్లల హక్కయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003 జనవరిలో దాన్ని అమలులోకి తెచ్చింది. పల్లెల్లో వంట బాధ్యత ఎక్కువగా డ్వాక్రా మహిళా సంఘాలకు దక్కింది. బడి ఆవరణలోనో చెట్టుకిందో పొయ్యి పెట్టుకుని, ఊళ్లో కిరాణా కొట్టులో అరువు తెచ్చి వండిన ఆడవాళ్లే ఈ పథకాన్ని నిలబెట్టారు.

హైదరాబాద్‌లో అది కుదరలేదు. గన్‌ఫౌండ్రీలోని అలియా, మహబూబియా వంటి నిజాం కాలపు బడులకు కనీసం సొంత ఆవరణలున్నాయి. నగరంలో మరెన్నో సర్కారు బడులు అద్దె ఇళ్లలో, ఇరుకు గల్లీల్లో, ఒకే గదిలో రెండు మూడు తరగతులతో నడిచేవి. వంటగదికి అక్కడ చోటెక్కడిది? ఈ ఇరుకే స్వచ్ఛంద సంస్థలకు దారి తెరిచింది. 1998లో హైదరాబాద్‌లో పబ్లిక్ ట్రస్టుగా ఏర్పడిన నాంది ఫౌండేషన్ 2003లో నగరంలోని బడులకు ఒకేచోట వండి వ్యాన్లలో పంపే వంటశాలను మొదలుపెట్టింది. ఆ తర్వాత అక్షయపాత్ర ఫౌండేషన్ వచ్చింది. బెంగళూరులో 2000లో 5 బడులతో, 1,500 మంది పిల్లలతో మొదలైన ఆ సంస్థ 2001 అక్టోబర్‌లో దాతృత్వ ట్రస్టుగా నమోదైంది. సంగారెడ్డి జిల్లా కందిలో దానికి పెద్ద వంటశాల ఉంది.

చట్టం ఎక్కడ తలుపు తెరిచింది

2013 జాతీయ ఆహార భద్రతా చట్టం 5వ సెక్షన్ ప్రకారం ప్రతి బడికీ, ప్రతి అంగన్‌వాడీకీ వంటకు, తాగునీటికి, పారిశుద్ధ్యానికి తగిన వసతి ఉండాలి. పట్టణాల్లో మాత్రం, అవసరమైనచోట, కేంద్రం మార్గదర్శకాల మేరకు కేంద్రీకృత వంటశాలను వాడుకోవచ్చన్న మినహాయింపు అందులోనే ఉంది. 2015 సెప్టెంబర్ 30న వచ్చిన మధ్యాహ్న భోజన నియమాలు కూడా ఇదే మాట చెప్పాయి. అంటే బడిలో వండడమే నియమం, పట్నంలో బయటినుంచి తేవడం మినహాయింపు. ఈ తేడా చాలామంది గుర్తుపెట్టుకోరు. సొంత వంటగది ఉన్న పల్లె బడికి కూడా పెద్ద సంస్థ వ్యాను వస్తే మేలని వాదించేవాళ్లు చట్టం ఏ వైపు మొగ్గిందో ఒకసారి చూడాలి.

స్వచ్ఛంద సంస్థ ఎలా ఉండాలన్నది 2006లో కేంద్రం ఇచ్చిన మధ్యాహ్న భోజన మార్గదర్శకాల్లో వివరంగా ఉంది. తర్వాతి నిబంధనలకు మూలం అదే. సంస్థ సొసైటీల చట్టం కిందో పబ్లిక్ ట్రస్టు చట్టం కిందో నమోదై, కనీసం రెండేళ్లు పనిచేసి ఉండాలి. పని అప్పగించే అధికారం రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన పంచాయతీకో, మునిసిపాలిటీకో, పాఠశాల కమిటీకో ఉండాలి. సంస్థ లాభం తీసుకోనని ఒప్పుకోవాలి. స్థానిక సంస్థలతో కలిసి పనిచేయడానికి సిద్ధపడాలి. అవసరమైన స్థాయిలో వండి చేరవేసే ఆర్థిక బలం, ఏర్పాట్లు ఉన్నాయని చూపాలి. ప్రభుత్వం నుంచి డబ్బు రూపంలో, ధాన్యం రూపంలో వచ్చిన ప్రతిదానికీ చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువీకరించిన లెక్కలు వార్షిక నివేదికతో కలిపి ఇవ్వాలి. మతం, కులం, విశ్వాసం పేరుతో ఎవరిపట్లా వివక్ష చూపకూడదు, పథకాన్ని మత ప్రచారానికి వాడకూడదు.

ఇవన్నీ సమానమైన షరతుల్లా కనిపిస్తాయి కానీ కావు. నమోదు, రెండేళ్ల వయసు, ఆడిట్ అన్నవి కాగితాలతో తేలతాయి. మత ప్రచారం లేదన్నది రోజూ బడిలో చూస్తేగాని తేలదు. అన్నిటికన్నా బరువైనది ఆర్థిక బలం. అది ఎందుకో తర్వాత చెప్పుకుందాం.

నమోదు: మూడు దారులు

మొదటి దారి ట్రస్టు. మార్గదర్శకాలు పబ్లిక్ ట్రస్టు చట్టం అని రాసినప్పుడు మనసులో ఉన్నది మహారాష్ట్ర, గుజరాత్‌ల పద్ధతి కావచ్చు. తెలుగు రాష్ట్రాల్లో ఆ పేరుతో చట్టం లేదు. 1882 నాటి భారత ట్రస్టుల చట్టం ప్రైవేటు ట్రస్టులకే వర్తిస్తుంది. ఇక్కడ దాతృత్వ ట్రస్టు దస్తావేజును సబ్‌రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించుకోవడం వాడుక. దానితోపాటు 1987 నాటి ధర్మాదాయ, హిందూ మత సంస్థల, దేవాదాయ చట్టం కూడా ఉంది. దాని పేరులో హిందూ మత సంస్థలు అని ఉండడం వల్ల గుళ్లకు మాత్రమే అనుకుంటారు. ధర్మాదాయ సంస్థలు కూడా దాని కింద నమోదు కావాలి.

ఇది ఎంత ముఖ్యమో 2022 అక్టోబర్ 19న తేలింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు చెందిన న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టు, ఆదాయపు పన్ను మినహాయింపు అడిగే సంస్థ రాష్ట్ర ధర్మాదాయ చట్టాన్ని పాటించిందా లేదా అన్నది అధికారులు పరిగణించవలసిన విషయమేనని చెప్పింది. ఆ కేసు విద్యాసంస్థలది. అయినా దాని నీడ అన్నదాన సంస్థలపైనా పడుతుంది. బొగ్గులకుంట కాగితం లేకపోతే బషీర్‌బాగ్‌లో ప్రశ్న వస్తుంది.

రెండో దారి సొసైటీ. తెలంగాణ ప్రాంతంలో హైదరాబాద్ రాజ్యం నాటి 1350 ఫసలీ పబ్లిక్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం చాలాకాలం అమలులో ఉండేది. కోస్తా, సీమల్లో 1860 నాటి కేంద్ర చట్టం నడిచేది. రెండిటి స్థానంలో 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. తెలంగాణ ఏర్పడ్డాక దాన్ని తనదిగా మార్చుకుంది. ఏడుగురు సభ్యులుంటే సంఘం పెట్టుకోవచ్చు. బస్తీ స్థాయి సంస్థలు ఎక్కువగా ఈ దారినే వస్తాయి. మూడోది కంపెనీల చట్టం 8వ సెక్షన్ కింద లాభం పంచుకోని కంపెనీ. ఖర్చు, కాగితాల పని ఎక్కువ కావడంతో భోజన రంగంలో ఈ దారి పట్టినవాళ్లు తక్కువ.

ఆయకర్ భవన్‌లో పని

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండిటి దాతృత్వ సంస్థలూ ఆదాయపు పన్ను మినహాయింపుల కమిషనర్ పరిధిలోకి వస్తాయి. పాతకాలంలో ఆదాయపు పన్ను చట్టం 12ఎ సెక్షన్ కింద ఒకసారి నమోదైతే అది శాశ్వతం. 2021 ఏప్రిల్ నుంచి 12ఎబి వచ్చాక కొత్త సంస్థలకు మూడేళ్ల తాత్కాలిక నమోదు, ఆపై అయిదేళ్లకోసారి పునరుద్ధరణ తప్పనిసరి అయ్యాయి. 2025లో చేసిన సవరణ చిన్న సంస్థలకు ఈ గడువును పదేళ్లకు పెంచింది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలుకు పెట్టిన కొత్త ఆదాయపు పన్ను చట్టం ఈ నిబంధనలన్నిటినీ లాభాపేక్ష లేని నమోదిత సంస్థల పేరుతో ఒకచోట చేర్చింది.

భోజన సంస్థకు ఇక్కడ రెండు చిక్కులుంటాయి. మొదటిది, ప్రభుత్వం పళ్లెం చొప్పున ఇచ్చే డబ్బు దానమా, చేసిన పనికి కూలా అన్నది. పేదలకు సాయం, విద్య, వైద్యం అన్నవి చట్టం దృష్టిలో నేరుగా దాతృత్వమే. వాటికి వ్యాపార రాబడి పరిమితి లేదు. ఇతర ప్రజోపయోగ పనులకు మాత్రం రాబడిలో 20 శాతం దాటితే మినహాయింపు పోతుంది. అందుకని ట్రస్టు దస్తావేజులో ఆశయాలు రాసేటప్పుడే పేదలకు, బడిపిల్లలకు ఆహారం అన్న మాట స్పష్టంగా ఉండాలి. సమాజ సేవ అని గాలిమాటగా రాసుకుని తర్వాత చిక్కులు పడే సంస్థలు ఎన్నో.

రెండో చిక్కు మతం. దాతలకు పన్ను రాయితీ (పాత చట్టంలో 80జి) ఇప్పించే సంస్థ ఏ ఒక్క మత సమూహం మేలుకో పరిమితం కాకూడదు, మతపరమైన ఖర్చు ఏడాది ఆదాయంలో 5 శాతం మించకూడదు. గుడి నడిపే సంస్థలు అన్నదానానికి వేరే ట్రస్టు పెట్టడానికి ముఖ్య కారణం ఇదే. అబిడ్స్‌లోని ఇస్కాన్ గుడి, బంజారాహిల్స్‌లోని హరేకృష్ణ మూవ్‌మెంట్ గుడి రెండూ ఒకే దైవాన్ని కొలుస్తాయి కాబట్టి సామాన్యులు రెండూ ఒకటే అనుకుంటారు. చట్టం ముందు అవి వేర్వేరు. అయిదు రూపాయల భోజనానికి జీహెచ్ఎంసీతో ఒప్పందం కుదుర్చుకున్నది హరేకృష్ణ మూవ్‌మెంట్ చారిటబుల్ ఫౌండేషన్. ఇస్కాన్ బెంగళూరు శాఖ మూలంగా పుట్టిన అక్షయపాత్ర ఒక ట్రస్టు. అన్నామృత పేరుతో 2004 నుంచి నడుస్తున్న ఇస్కాన్ ఫుడ్ రిలీఫ్ ఫౌండేషన్ మరొకటి. ప్రభుత్వం ఒప్పందం చేసుకునేది నమోదైన సంస్థతోనే, దాని వెనకున్న గుడితో కాదు.

వీటికి తోడు మరికొన్ని కాగితాలు కావాలి. నీతి ఆయోగ్ దర్పణ్ వేదికలో నమోదు, కంపెనీల సామాజిక బాధ్యత నిధులు తీసుకోవాలంటే 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 పత్రం, విదేశీ విరాళాలకు 2010 నాటి చట్టం కింద అనుమతి. ఆహార భద్రతా ప్రమాణాల లైసెన్సు విషయంలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. మేం అమ్మడం లేదు, మాకెందుకు లైసెన్సు అంటారు. 2006 నాటి చట్టం ఆహార వ్యాపారాన్ని నిర్వచిస్తూ లాభం కోసమైనా కాకపోయినా అని స్పష్టంగా రాసింది. ఉచితంగా పెట్టినా లైసెన్సో రిజిస్ట్రేషనో ఉండి తీరాలి. జీఎస్టీ మాత్రం వేయరు. ప్రభుత్వ మధ్యాహ్న భోజన పథకం కింద బడికి చేసే భోజన సరఫరాకు 2017 నుంచే మినహాయింపు ఉంది. డబ్బు ప్రభుత్వ గ్రాంటు నుంచి వచ్చినా కార్పొరేట్ విరాళం నుంచి వచ్చినా అది వర్తిస్తుందని 2021 జూన్‌లో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు వివరణ ఇచ్చింది.

అసలు అర్హత: ముందు సొంత డబ్బు పెట్టగలగడం

కాగితాలన్నీ ఉన్నా ఎక్కువ సంస్థలు ఆగిపోయేది ఇక్కడే. బియ్యం ప్రభుత్వం ఇస్తుంది. ప్రాథమిక బడిలో పిల్లవాడికి రోజుకు 100 గ్రాములు, ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్లకు 150 గ్రాములు. పప్పు, కూరగాయలు, నూనె, పోపు దినుసులు, గ్యాసు అన్నిటికీ కలిపి కేంద్రం 2025 మే 1 నుంచి నిర్ణయించిన ధర ప్రాథమిక స్థాయిలో 6 రూపాయల 78 పైసలు, ఉన్నత ప్రాథమిక స్థాయిలో 10 రూపాయల 17 పైసలు. అందులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. ఈ డబ్బుతో చిన్న పిల్లలకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు, పెద్ద పిల్లలకు 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు అందాలి. కందిపప్పు ధర తెలిసిన ఏ గృహిణిని అడిగినా ఇది ఎంత ఇరుకు లెక్కో చెబుతుంది.

ఆ ఇరుకుకు బిల్లుల ఆలస్యం తోడవుతుంది. రెండు రాష్ట్రాల్లోనూ వంట ఏజెన్సీలకు నెలల తరబడి బిల్లులు రాకపోవడం, మహిళలు పుస్తెలు తాకట్టు పెట్టి వండడం పత్రికల్లో పదేపదే వచ్చిన సంగతి. పెద్ద సంస్థకూ ఆలస్యం తప్పదు. అయితే దానికి దాతల డబ్బు ఉంటుంది. ఆవిరితో అన్నం ఉడికించే గంగాళాలు, చపాతీ యంత్రాలు, మూతల స్టీలు డబ్బాలు, వేడి నిలిపే వ్యాన్లు కొనడానికి బ్యాంకులు, ఐటీ కంపెనీలు విరాళాలిస్తాయి. తెల్లవారుజామున పొయ్యి వెలిగించి, మధ్యాహ్నానికి నగరం నలుమూలలా వేడి తగ్గకుండా అన్నం దించాలంటే ఈ సరంజామా లేకుండా కుదరదు.

లాభం వద్దని చెప్పే షరతు మంచిదే. కానీ లాభం వద్దు, బిల్లు ఎప్పుడొస్తుందో చెప్పలేం, ముందు మీరే పెట్టండి అని మూడూ కలిపి అడిగితే, అర్హత ఆచరణలో నాలుగైదు పెద్ద సంస్థలకే పరిమితమవుతుంది. బస్తీలో పదేళ్లుగా నమ్మకంగా వండిపెడుతున్న చిన్న సొసైటీ కాగితం మీద అర్హమైనదే, కానీ టెండరు దాకా రాలేదు. ఈ రంగంలో పోటీ లేదన్న విమర్శకు మూలం పెద్ద సంస్థల ఆధిపత్య కాంక్ష కాదని నా అభిప్రాయం. సమయానికి డబ్బు చెల్లించని వ్యవస్థే చిన్నవాళ్లను వడపోసేస్తోంది. నెలవారీగా ముందస్తు చెల్లింపు ఉంటే రెండువందల మంది పిల్లలున్న నాలుగు బడులను ఒక బస్తీ సంఘం హాయిగా సాకగలదు.

మారువేషపు కాంట్రాక్టర్లు

ఈ షరతులన్నీ పెట్టడానికి కారణమైన భయం కల్పితం కాదు. అంగన్‌వాడీలకు ఆహారం సరఫరా చేసే కాంట్రాక్టర్లను తప్పించాలని, గ్రామ సమూహాలు, మహిళా మండళ్లు, స్వయం సహాయక సంఘాలకు ప్రాధాన్యమిచ్చి పని అప్పగించాలని సుప్రీంకోర్టు 2004 అక్టోబర్ 7న ఆదేశించింది. దాంతో మహారాష్ట్రలో కాంట్రాక్టర్లే మహిళా మండళ్ల పేర్లు తొడుక్కుని వచ్చారు. వైష్ణోరాణి మహిళా బచత్ గట్ కేసులో 2019 ఫిబ్రవరి 26న సుప్రీంకోర్టు అలాంటి సంస్థలకు అనుకూలంగా రూపొందిన టెండర్లను కొట్టేసింది. టర్నోవరు కోట్లలో ఉండాలని షరతు పెడితే పల్లెటూరి ఆడవాళ్ల సంఘం ఎలా వస్తుందన్న ప్రశ్న ఆ వివాదానికి గుండెకాయ. హైదరాబాద్‌లో టెండరు షరతులు రాసే అధికారులు ఈ తీర్పును చదవాలి.

అమెరికాలో అనుభవం ఇంకా చేదు. అక్కడ వేసవి సెలవుల్లో, డే కేర్‌లలో పిల్లలకు భోజనం పెట్టే కేంద్ర పథకాలకు పన్ను మినహాయింపు ఉన్న స్వచ్ఛంద సంస్థలు స్పాన్సర్లుగా ఉంటాయి. స్పాన్సరు తన కింద ఉన్న కేంద్రాలన్నిటికీ పూచీ పడాలి. అక్రమాలు బయటపడటంతో 1981లో వేసవి పథకం నుంచి ప్రైవేటు స్వచ్ఛంద సంస్థలను దాదాపుగా తప్పించారు, దశాబ్దం చివరలో పరిమితులతో మళ్లీ రానిచ్చారు. మిన్నెసోటాలో ఫీడింగ్ అవర్ ఫ్యూచర్ అనే సంస్థ చుట్టూ కోవిడ్ కాలంలో జరిగిన మోసంపై 2022 సెప్టెంబర్‌లో కేసులు పెట్టినప్పుడు ప్రాసిక్యూటర్లు చెప్పిన మొత్తం 25 కోట్ల డాలర్లు. ఎవరికీ పెట్టని భోజనాలకు బిల్లులు చేశారు. నమోదు పత్రాలు సక్రమంగా ఉండడం ఆ మోసాన్ని ఆపలేదు. మన దగ్గర కేంద్రీకృత వంటశాలకు ఉన్న ఒక మేలు ఇక్కడ చెప్పుకోవాలి. వ్యాను వచ్చిందా లేదా, ఎందరు తిన్నారు అన్నది రోజూ హెడ్‌మాస్టరు రిజిస్టరులో వేరుగా నమోదవుతుంది. వండినవాళ్ల లెక్క, తిన్నచోటి లెక్క రెండు చేతుల్లో ఉంటాయి.

పళ్లెంలో ఏముండాలి

మత ప్రచారం కూడదన్న షరతును నిర్వాహకులు ఉల్లంఘించారని చెప్పడానికి ప్రార్థనలు చేయించడమో కరపత్రాలు పంచడమో జరగాలి. అలాంటివి లేకుండానే విశ్వాసం పళ్లెంలోకి రావచ్చా అన్నది గట్టి చర్చ. అక్షయపాత్ర వంటశాల ఉల్లి, వెల్లుల్లి, గుడ్డు వాడదు. కర్ణాటకలో 2018, 2019ల్లో ఆహార హక్కు కార్యకర్తలు దీనిపై గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఉల్లి, వెల్లుల్లి లేకపోతే పోషణ తగ్గదన్నది సంస్థ వాదన. రుచించక పిల్లలు వదిలేస్తే పోషణ ఎక్కడిదన్నది కార్యకర్తల వాదన.

తెలుగు రాష్ట్రాల్లో గుడ్డు రాజీపడే విషయం కాదు. రెండు ప్రభుత్వాలూ దాన్ని మెనూలో పెట్టాయి. నాంపల్లి బస్తీల్లో కూలి చేసుకునే ఇళ్ల పిల్లలకు మంచి మాంసకృత్తులు నిక్కచ్చిగా దొరికేది ఆ గుడ్డులోనే. నిర్వాహక సంస్థ గుడ్డు వండకపోతే అది మరో దారిలో బడికి చేరాలి, ఎవరో ఉడికించాలి, దానికి వేరే లెక్క ఉండాలి. సంస్థ విశ్వాసాన్ని గౌరవించడానికి ప్రభుత్వానికి అభ్యంతరం ఉండనక్కర్లేదు. కానీ ఒప్పందం రాసేటప్పుడే గుడ్డు బాధ్యత ఎవరిదో పేరు పెట్టి రాయాలి. అది రాయని ఒప్పందంలో నష్టపోయేది పిల్లవాడు.

డొక్కా సీతమ్మ పేరు ఇక్కడ గుర్తుకు రావడం సహజం. పంతొమ్మిదో శతాబ్దిలో గోదావరి లంకల గన్నవరంలో కులం, వేళ చూడకుండా వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టిన ఆ ఇల్లాలి పేరును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో బడి భోజన పథకానికి పెట్టింది. ఎవరినీ కాదనకపోవడం అన్న షరతు చట్టంలోకి రాకముందే ఈ నేల మీద ఉంది.

అయిదు రూపాయల భోజనం, క్యాంటీన్లు

నాంపల్లి రైల్వే స్టేషన్ దగ్గరి సరాయి ప్రయాణికుల కోసం నిజాం కాలంలో కట్టింది. అక్కడ మొదలైన జీహెచ్ఎంసీ భోజన పథకం తర్వాత అన్నపూర్ణ పేరుతో నగరమంతా పాకింది. అడ్డా కూలీలు, ఆటో డ్రైవర్లు, నీలోఫర్, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రులకు దూరప్రాంతాల నుంచి రోగులతో వచ్చి రోజుల తరబడి బయట పడిగాపులు కాసేవాళ్లు దీని మీద ఆధారపడ్డారు. అన్నం, సాంబారు, కూర, పచ్చడి. 2020 లాక్‌డౌన్‌లో అయిదు రూపాయలు కూడా తీసుకోకుండా పెట్టారు. 2025 సెప్టెంబర్ 29న ఇందిరమ్మ క్యాంటీన్ల పేరుతో ఉదయం టిఫిన్ కూడా చేర్చారు. అప్పుడు ప్రకటించిన లెక్క ప్రకారం టిఫిన్ ఖర్చు 19 రూపాయలు, అందులో 14 జీహెచ్ఎంసీ భరిస్తుంది. మధ్యాహ్న భోజనం ఖర్చు 29 రూపాయల 83 పైసలు, అందులో 24 రూపాయల 83 పైసలు జీహెచ్ఎంసీవి.

ఇక్కడ అర్హత నియమాలు బడి పథకానికున్నంత గట్టివి కావు. ఆహార భద్రతా చట్టంలో నగర క్యాంటీన్లకు చోటు లేదు, మార్గదర్శకాలు లేవు. నగరపాలక సంస్థ చేసుకునే ఒప్పందమే చట్టం. అందువల్ల ప్రభుత్వం మారితే పథకమే ఆగిపోయే ప్రమాదం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అదే జరిగింది. 2018 జులై 11న విజయవాడలో మొదలై అక్షయపాత్ర నడిపిన అన్న క్యాంటీన్లు 2019లో మూతపడ్డాయి. 2024 ఆగస్టు 15న గుడివాడలో మళ్లీ తెరుచుకున్నాయి. ఈసారి నిర్వహణ హరేకృష్ణ మూవ్‌మెంట్ చారిటబుల్ ఫౌండేషన్‌ది. తెలంగాణలో 2023 అక్టోబర్ 6న రావిర్యాల బడిలో మొదలైన ముఖ్యమంత్రి అల్పాహార పథకం ఎన్నికల తర్వాత నిలిచిపోయింది. వండే సంస్థకు ఎన్ని అర్హతలున్నా, వండించే ప్రభుత్వం మాట నిలకడగా లేకపోతే పొయ్యి ఆరిపోతుంది.

విఫలమైతే ఏమవుతుంది

2015 నియమాల ప్రకారం ధాన్యం లేకో, డబ్బు లేకో, వంటవాళ్లు లేకో ఏ రోజైనా భోజనం పెట్టకపోతే ఆ పిల్లలకు ఆహార భద్రతా భత్యం చెల్లించాలి. వరుసగా మూడు బడిరోజులు, లేదా నెలలో అయిదు రోజులు భోజనం లేకపోతే బాధ్యులెవరో రాష్ట్ర ప్రభుత్వం తేల్చి చర్య తీసుకోవాలి. వడ్డించే ముందు ఒక ఉపాధ్యాయుడితో సహా ఇద్దరు ముగ్గురు పెద్దలు రుచి చూడాలి. భోజనం నమూనాలను గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్షించాలి. దూరం నుంచి వచ్చే భోజనానికి ఈ పరీక్షలు మరింత అవసరం. బడిలో వండితే నష్టం ఆ బడికే పరిమితం. కేంద్రీకృత వంటశాలలో ఒక్క గంగాళం పాడైతే అనేక బడుల పిల్లలు ఒకేసారి పడకేస్తారు.

వంటవాళ్లు

సంస్థ వస్తే వంటమనిషి పోతుందన్నది ఈ పద్ధతిపై ఉన్న అతి పెద్ద అభ్యంతరం. సీఐటీయూ అనుబంధ మధ్యాహ్న భోజన కార్మిక సంఘాలు రెండు రాష్ట్రాల్లోనూ దీనిపై పదేపదే ఆందోళన చేశాయి. వంటవాళ్ల నియామకంలో దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న ఆదేశించడానికి కారణం, ఆ చేతి అన్నాన్ని ఊరి పిల్లలంతా కలిసి తినడంలో ఒక సామాజిక మార్పు ఉండడమే. వ్యానులో వచ్చిన డబ్బాకు ఆ శక్తి ఉండదు. ఆ వంటమనిషికి నెలకు గౌరవ వేతనంగా కేంద్రం లెక్కలో ఇచ్చేది 1,000 రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ దాన్ని 3,000కు పెంచాయి.

కేంద్రీకృత వంటశాల ఉన్నచోట కూడా బడిలో అన్నం దింపుకుని, వడ్డించి, పళ్లేలు కడిగించే మనిషి ఉండి తీరాలి. ఆ గౌరవ వేతనాన్ని వంటశాల సిబ్బందికి, బడిలోని సహాయకులకు మధ్య ఎలా పంచాలో నిర్ణయించే అధికారం కేంద్రం రాష్ట్రాలకే వదిలింది. ఆ వాటాను సంస్థతో ఒప్పందంలోనే రాసి, బడి సహాయకురాలి డబ్బు నేరుగా ఆమె ఖాతాలో పడేలా చేయడానికి ఇప్పుడున్న నిబంధనల్లో అడ్డేమీ లేదు.